నొప్పి తెలియని చేయి

మన ఇండ్లలో కష్టము వచ్చినప్పుడు తరచుగా వినబడు మాట ఒకటి ఉన్నది: "దేవుని చిత్తము, ఓర్చుకొనవలెను." జ్వరము తగ్గకపోయినను ఇదే మాట, పంట పోయినను ఇదే మాట, కోడలి కంట నీరు కారినను ఇదే మాట. ఇట్లు పలుకువారిలో భక్తి లేదని మేము అనము. ఆ ఒక్క మాటను ఊతకర్రగా పట్టుకొని ఏండ్ల తరబడి కష్టాలు గడిపిన తల్లులను మనమందరము ఎరుగుదుము. అయితే ఒకే మాటను ఇన్ని చోట్ల వాడునప్పుడు అది ఎక్కడ విశ్వాసమో, ఎక్కడ వట్టి అలవాటో తెలిసికొనుట అవసరము. క్రైస్తవుడు బాధను నమ్మకముగా ఓర్చుకొనుట అనగా ఏమి? దేనిని ఓర్చుకొనవలెను? దేనిని ఓర్చుకొనరాదు? ఈ నెల పాఠకులతో కలిసి ఆలోచింపదలచిన సంగతి ఇదియే.

దీనికి జవాబు వెదకుటకు దూరము పోనక్కరలేదు. పలమనేరు వైపు కొండల నుండి దిగివచ్చు కౌండిన్య నది తమిళనాడులో అడుగుపెట్టిన తరువాత మోర్ధానా వద్ద ఆనకట్టలో నిలిచి, అక్కడినుండి గుడియాత్తం మీదుగా పాలారులో కలియును. వేలూరు జిల్లాలోని ఈ సరిహద్దు సీమలో తెలుగు మాట వినబడని ఊరు అరుదు. ఒకే ఇంట తెలుగు మాటలాడి, బజారులో అరవము మాటలాడువారు ఎందరో ఉన్నారు. గుడియాత్తం మగ్గములకు, లుంగీలకు, అగ్గిపెట్టెలకు, బీడీలకు పేరుపొందిన ఊరు. ఇవన్నియు వ్రేళ్ల పనులే. దారము అతికించుటకు, ఆకు చుట్టుటకు, పుల్లలు పేర్చుటకు వ్రేళ్లు కావలెను. వ్రేళ్లు పోయినవాని ఇంట పొయ్యి ఆరిపోయినట్లే.

ఆ వ్రేళ్లను తీసికొనిపోవు వ్యాధి ఒకటి ఈ సీమలో తరతరములుగా ఉండెను. దానిని కుష్ఠు అందురు. 1873లో నార్వే దేశస్థుడైన హాన్సెన్ అను డాక్టరు దీనికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. అంతవరకు లోకమంతట దీనిని పూర్వజన్మ పాపమనియో, దేవుని శాపమనియో, వంశపు దోషమనియో చెప్పుకొనుచుండిరి. కనుగొన్న తరువాత సహితము ఆ మాటలు మానలేదు. వేలూరు సమీపమున కరిగిరిలో 1955లో కుష్ఠు పరిశోధనకు, చికిత్సకు ఒక ఆసుపత్రి ఆరంభమాయెను. అక్కడివారు 1960 దశకములో గుడియాత్తం తాలూకాను తమ పని పొలముగా తీసికొని, పల్లె పల్లె తిరిగి, ఇంటింటి వారిని పరీక్షించి, వ్యాధి ఎవరికి ఎట్లు వచ్చుచున్నదో లెక్క వ్రాసి, మందులు ఇచ్చిరి. రోగి వచ్చువరకు కాచుకొని ఉండక, రోగి వాకిటికే పోయిరి.

ఏల పోవలసివచ్చెను? రోగులు తమంతట తాము రాలేదు గనుక. సిగ్గు ఒక కారణము, భయము ఒక కారణము. వీటికంటె విచిత్రమైన కారణము మరియొకటి ఉన్నది. ఈ వ్యాధి మొదట నొప్పి పెట్టదు. చర్మము మీద పాలిపోయిన మచ్చ ఒకటి కనబడును. గోకినను గిచ్చినను అక్కడ తెలియదు. దురద లేదు, మంట లేదు. నొప్పి లేనిదానికి ఆసుపత్రికి పోవువాడెవడు? పంటినొప్పి వచ్చినవాడు అర్ధరాత్రి వైద్యుని తలుపు తట్టును. కుష్ఠు వచ్చినవాడు మాత్రము నిశ్చింతగా కూలికి పోవును. ఆ నిశ్చింతయే అతనికి శత్రువు.

ఈ సంగతిని లోకమునకు తేటగా చెప్పినవాడు వేలూరులో పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండు. ఆయన 1914లో మన దక్షిణ దేశములోనే, కొల్లిమలై కొండలలో, మిషనరీ తలిదండ్రులకు పుట్టెను. 1946లో శస్త్ర వైద్యుడుగా వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిని చూడబోయి, వంకరపోయిన చేతులు గల ఒక రోగితో కరచాలనము చేసెను. చచ్చుబడినదనుకొన్న ఆ చేయి పట్టుకారువలె బిగిసినది. తాను ఎంత గట్టిగా నొక్కుచున్నాడో ఆ రోగికి తెలియదు. బలము ఉన్నది, స్పర్శ లేదు. ఆ చేతిలో బలమైన కండరము ఇంకను ఉన్నదనియు, దానిని బాగుచేయవచ్చుననియు డాక్టరుగారికి అప్పుడు తోచెను.

కుష్ఠు రోగి వ్రేళ్లు ఎందుకు పొట్టివగును? వ్యాధి మాంసమును కుళ్లించి ఊడగొట్టుననియే వైద్యులు సహితము తలచుచుండిరి. బ్రాండుగారు రోగుల ప్రక్కన కూర్చుండి దినదినము చూచిరి. ఒకడు మండుచున్న కట్టెను చేతితోనే జరుపును. ఒకడు చెప్పులో మేకు దిగినను దినమంతయు నడచును. మరియొకడు తాళము తిరగనప్పుడు చర్మము చిట్లి ఎముక కనబడువరకు తిప్పును. కొందరి వ్రేళ్లు రాత్రికి రాత్రే మాయమగుటకు కారణము వెదకగా, నిద్రించువారి చేతులను ఎలుకలు కొరికి తినుచున్నట్లు తేలెను. నొప్పి తెలియదు గనుక వారు మేలుకొనలేదు. అప్పటినుండి ఇంటికి పోవు రోగులకు మందుతో పాటు ఒక పిల్లిని సహితము ఇచ్చి పంపిరట! వ్యాధి చేసినది నరములను చంపుటయే. మిగిలిన నాశనమంతయు నొప్పి లేకపోవుటవలన జరిగినది.

ఆయనయే ఒకసారి ఇంగ్లండులో ఉండగా, రైలు ప్రయాణపు బడలికతో గదికి చేరిన రాత్రి తన మడమలో స్పర్శ లేనట్లు కనిపెట్టిరి. సూదితో గుచ్చుకొన్నను తెలియలేదు. తనకును వ్యాధి సోకినదని ఆ రాత్రి నిద్ర లేక గడపిరి. తెల్లవారి మరల సూది గుచ్చుకొనగా చురుక్కుమనెను. ఆ చురుకుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకొన్నట్లు ఆయనే తరువాత వ్రాసిరి. నొప్పి కొరకు స్తోత్రము చెల్లించిన మనుష్యులు లోకములో ఎందరుందురు?

మేము దీనిని ఇంత వివరముగా చెప్పుట ఊరక కాదు. నొప్పి కావలివాడు. కావలివాడు అరచినప్పుడు లేచి చూచుట ఇంటి యజమాని పని. "అరవకుము, ఇది దేవుని చిత్తము" అని వాని నోరు మూయువాడు భక్తుడు కాడు, అజాగ్రత్తగలవాడు. రొమ్ములో గడ్డ తగిలినను ఎవరికిని చెప్పక, ప్రార్థనలో మాత్రమే పెట్టుకొని, ఆలస్యమైన తరువాత వేలూరు చేరిన అక్కచెల్లెండ్లు ఎందరో ఉన్నారు. రాయలసీమలోను కోస్తాలోను "వేలూరుకు తీసికొనిపోయిరి" అనిన చాలు, జబ్బు పెద్దదని ఊరివారికి అర్థమగును. అంత పెద్దది కాకమునుపే ఏల పోరాదు? మందుండగా మందు తీసికొనకపోవుట ఓర్పు కాదు. తలుపు తట్టుచున్న నొప్పిని లోపలికి రానీయక, దానికి సిలువ అను పేరు పెట్టుట సిలువకు గౌరవము కానేరదు.

ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. పరిశుద్ధ గ్రంథము సహనమును మెచ్చుకొనుచున్నది గదా? మెచ్చుకొనుచున్నది. అయితే ఆ గ్రంథములో సహనమునకు పేరుపొందినవారు ఎట్లు ప్రవర్తించిరో చూడవలెను. యోబు బూడిదలో కూర్చుండి నోరు మెదపక ఉండలేదు. స్నేహితులతో వాదించెను, దేవునితో మొరపెట్టెను, తన పుట్టిన దినమును సహితము దూషించెను. కడపట దేవుడు తప్పుపట్టినది యోబును కాదు. బాధకు సులువైన కారణములు చెప్పిన ఆ ముగ్గురు స్నేహితులను. అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లును తీసివేయుమని మూడుసార్లు వేడుకొనెను. ప్రభువైన యేసు గెత్సేమనే తోటలో, సాధ్యమైతే ఆ పాత్ర తనయొద్దనుండి తొలగవలెనని ప్రార్థించెను. బాధ తొలగవలెనని అడుగుట అవిశ్వాసమైనయెడల ఈ ముగ్గురును అవిశ్వాసులే కావలెను!

మరియొక సంగతి గమనింపదగినది. సువార్తలలో యేసు ఎందరో రోగులను చూచెను. వారిలో ఒక్కరితోనైనను, "ఇది నీ సిలువ, ఓర్చుకొనుము" అని చెప్పినట్లు లేదు. కుష్ఠు రోగిని ముట్టి బాగుచేసెను. ఆయన సిలువ ఎత్తుకొనుమని చెప్పినది ఎవరికి? తనను వెంబడింపగోరు వారికి. అనగా సిలువ నెత్తిమీద పడునది కాదు, ప్రేమ కొరకు ఎత్తుకొనునది. మీద పడిన బండను తొలగించుకొనుటకు ప్రయత్నింపవలెను. ఎత్తుకొన్న బరువును గమ్యము చేరువరకు దింపరాదు. ఈ రెండింటికి భేదము తెలియక మన సంఘములలో అనేకులు బండక్రింద పడియుండి, దానినే మోయుచున్నామని తలచుచున్నారు.

ఎత్తుకొన్న బరువునకు ఉదాహరణ ఈ సీమలోనే ఉన్నది. ఐడా స్కడర్ 1870లో రాణిపేటలో పుట్టెను. యౌవనములో ఆమెకు ఈ దేశములో నిలువవలెనను కోరిక లేదు. తిండివనములో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవ వేదనపడుచున్న తమ భార్యలను చూడుమని ఆమెను పిలిచిరి. ఆమె వైద్యురాలు కాదు. ఆమె తండ్రి వైద్యుడు, కాని పరపురుషుడు తమ ఆడవారిని చూచుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. ఆ మరణములను దేవుని చిత్తమని ఓర్చుకొనుట ఆమెకు సులువే. తెల్లవారి ఓడ ఎక్కి పోవుటయు సులువే. ఆమె ఓడ ఎక్కినది నిజమే, వైద్యము చదువుకొని తిరిగి వచ్చుటకై ఎక్కెను. 1900లో వేలూరు చేరెను. 1902లో ఆసుపత్రి కట్టెను. చెట్ల క్రింద బండి ఆపి దారి ప్రక్కనే పల్లెవారికి మందులిచ్చెను. 1918లో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచెను. 1960లో చనిపోవువరకు ఈ దేశమునే తన ఇల్లు చేసికొనెను. ముగ్గురు స్త్రీల మరణమును ఆమె ఓర్చుకొనలేదు. ఓర్చుకొనకపోవుటకై అరువది ఏండ్ల కష్టమును ఓర్చుకొనెను.

ఇంతవరకు తొలగించుకొనదగిన బాధను గూర్చి చెప్పితిమి. మరి తొలగని బాధ మాటేమి? మందు లేని జబ్బు ఉన్నది. తిరిగి రాని బిడ్డ ఉన్నాడు. ఎంత ప్రార్థించినను లేవని కాళ్లు ఉన్నవి. పాఠకులలో అట్టివారు ఉందురు. వారికి పైమాటలు చాలవు. వారి కొరకు డాక్టరు మేరీ వర్గీసు కథ చెప్పవలెను.

ఆమె 1925లో కేరళ దేశములో పుట్టి వేలూరులో వైద్యము చదివెను. స్త్రీల వైద్యములో నిపుణురాలు కావలెనని ఆమె కోరిక. 1954లో, ఇంకను ముప్పది ఏండ్లు నిండకమునుపు, స్నేహితులతో విహారమునకు పోవుచుండగా వారి బండి తలక్రిందులాయెను. ముఖమునకు పెద్ద గాయమాయెను. వెన్నెముక దెబ్బతిని నడుము క్రింది భాగము చచ్చుబడెను. కాళ్లు ఇక రావని తేలెను. తోటి వైద్యులకు తెలిసినంతగా ఆమెకును తెలియును. అబద్ధపు ఓదార్పు చెప్పుటకు వీలు లేదు. ఆ మంచము మీద ఆమె గడపిన నెలలను మనము తేలికగా చెప్పరాదు. నిరాశ లేకుండెనని చెప్పుట అసత్యమగును.

అప్పుడు పాల్ బ్రాండుగారు ఒక సలహా చెప్పిరి. కుష్ఠు రోగుల చేతులకు చేయు ఆపరేషను కూర్చుండి చేయదగినది. ముంజేతిలో ఇంకను బలముగా ఉన్న కండరపు త్రాటిని తీసి, చచ్చుబడిన వ్రేళ్లకు అతికించి, వంకర చేయి మరల చాపుటకు ముడుచుటకు వచ్చునట్లు చేయుట ఆ విద్య. దానికి సర్జనుకు కావలసినవి చేతులు, కన్నులు, ఓపిక, కాళ్లు అక్కరలేదు. మేరీ వర్గీసు చక్రాల కుర్చీలో ఆపరేషను బల్ల దగ్గరకు చేరెను. కాళ్లు లేని వైద్యురాలు చేతులు లేనివారికి చేతులిచ్చుట ఆరంభించెను. చక్రాల కుర్చీలో వచ్చు డాక్టరమ్మను చూచినప్పుడు రోగుల ముఖములు మారెనని చెప్పుదురు. ఆమె వారికి ఓర్పును గూర్చి ప్రసంగింపనక్కరలేకపోయెను.

అంతటితో ఆగలేదు. ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు పోయి, చక్రాల కుర్చీలోనే తన పనులు తాను చేసికొను శిక్షణ పొందెను. తరువాత అమెరికాలోని న్యూయార్కులో అంగహీనులకు పునరావాస వైద్యము నేర్చుకొని వేలూరు వచ్చెను. 1966లో అక్కడ పునరావాస సంస్థ తెరువబడెను. వెన్నెముక విరిగినవారు మరల జీవించుట నేర్చుకొను చోటు అది. 1972లో ప్రభుత్వము ఆమెకు పద్మశ్రీ బిరుదు ఇచ్చెను. 1986లో ఆమె కన్నుమూసెను. ముప్పదిరెండు ఏండ్లు ఆమె కాళ్లు కదలలేదు. దేవుడు ఆమె ప్రార్థన వినలేదా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుట మా తరము కాదు. మేము చెప్పగలిగినది ఇంతే: ఆమె బాధ ఆమెను తోటివారి నుండి వేరుచేయలేదు, మునుపటికంటె దగ్గరకు చేర్చెను.

నమ్మకముగా ఓర్చుకొనుటకు గురుతు ఇదియేనని మా అభిప్రాయము. బాధ మనలను రెండు దారులలో ఏదో ఒకదానికి నడుపును. ఒకటి లోపలి గది. అక్కడ తలుపు వేసికొని మన గాయమును మనమే చూచుకొనుచుందుము. క్రమముగా ఇతరుల నొప్పి మనకు తెలియకుండ పోవును. ఇది ఆత్మకు వచ్చు కుష్ఠు. రెండవ దారి వీధిలోనికి పోవును. తన ముల్లు తన కాలిలో ఉండగానే ఎదుటివాని ముల్లును తీయుటకు వంగువాడు ఆ దారిలో ఉన్నవాడు. కన్నీరు రాకపోవుట ఓర్పుకు కొలత కాదు. కన్నీటిలో సహితము ప్రేమ చావకపోవుటయే దానికి కొలత.

బ్రాండుగారి తల్లియైన ఎవ్లిన్ అమ్మగారు ఈ దారిలో నడచిన మరియొకరు. 1929లో ఆమె భర్త జెస్సీ బ్రాండు కొల్లిమలైలో జ్వరము వచ్చి చనిపోయెను. పిల్లలు సముద్రమునకు ఆవల చదువుకొనుచుండిరి. ఆమె దుఃఖము చిన్నది కాదు. అయినను ఆమె తిరిగి కొండలకే వచ్చెను. ముసలితనములో ఎముకలు విరిగి, రెండు కర్రల మీద ఆనుకొని నడచుచు, తొంబది ఏండ్లు దాటువరకు కొండ పల్లెల వారికి సేవ చేసెను.

ఇప్పుడు మన వంతు మాటకు రావలెను. బాధలలో దేవుని నుండి వచ్చినదెంతయో మేమెరుగము. మనుష్యుల నుండి వచ్చినది మాత్రము చాల ఉన్నది. కుష్ఠు రోగికి వ్యాధి తీసికొన్నది స్పర్శను. ఊరు తీసికొన్నది ఇంటిని, పేరును, పెండ్లిని, పనిని. 1898లో వచ్చిన కుష్ఠురోగుల చట్టము బీదరోగులను పట్టి వేరుగా ఉంచుటకు అధికారమిచ్చెను. మందు కనుగొని ఎన్నో ఏండ్లు గడచినను ఆ చట్టము మన పుస్తకములలో ఉండెను. 2016లో గాని రద్దు కాలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉన్నదను కారణముతో విడాకులిచ్చు నియమము 2019లో గాని తొలగలేదు. బ్రాండుగారు చేతులు బాగుచేసి పంపిన రోగులలో ఒకడు తిరిగి వచ్చి, ఈ చేతులు బిచ్చమునకు పనికిరావని మొరపెట్టెనట! చేయి వంకరగా ఉన్నప్పుడు జనులు జాలితో కాసు వేసిరి. చేయి చక్కనైన తరువాత కాసు లేదు, అయినను పని ఇచ్చువాడు లేడు. అందుచేత వైద్య కళాశాల ఆవరణలోనే నవజీవ నిలయమని గుడిసెలు వేసి, వడ్రంగము మొదలైన చేతిపనులు నేర్పవలసివచ్చెను. వైద్యుడు నరము కలిపెను. ఊరు మనిషిని కలుపుకొనలేదు.

మన తెలుగు సీమలో దీనికి మారుగా జరిగిన సంగతియు ఉన్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ అను మిషనరీ అమ్మగారు 1915 ప్రాంతమున కుష్ఠు ఆసుపత్రి పని ఆరంభించినప్పుడు దానికి పెద్ద మొత్తము దానమిచ్చినది నిజామాబాదులోని ఒక హిందూ ధనవంతుడు, రాజా నర్సాగౌడు. బాధ ఎదుట మతము అడుగక చేయి చాచినవాని పేరు వందేండ్ల తరువాత సహితము చెప్పుకొనుచున్నాము. పౌలు గలతీయులకు వ్రాసిన పత్రికలో భారములను పంచుకొనుటయే క్రీస్తు నియమమని బోధించెను. ఓర్చుకొనుమని చెప్పుట సులువు, పంచుకొనుట కష్టము. ఆ కష్టము తప్పించుకొనుటకే మనము తరచుగా ఆ సులువైన మాట వాడుచున్నామేమో పరీక్షించుకొనవలెను.

ముఖ్యముగా సంఘపు పెద్దలకు ఒక మనవి. తాగివచ్చి కొట్టు భర్తను గూర్చి ఏడ్చుచు వచ్చిన ఇల్లాలితో "ఓర్చుకొనుమమ్మా, నీ ప్రార్థన అతనిని మార్చును" అని చెప్పి పంపుట మనలో అలవాటు. ఆమె ఓర్పు వలన లాభము పొందుచున్నది ఎవరు? కొట్టు చేయి. ఆ చేతిని ఆపుటకు పెద్దలు పోవలెను, బంధువులు పోవలెను, అవసరమైనయెడల చట్టము సహాయము కోరవలెను. ఒకరి పాపమును మరియొకరి ఓర్పు మీద బ్రతికించుట దేవుని చిత్తమని మేము నమ్మము. ఆమె ప్రార్థన మానవలెనని మేము చెప్పుటలేదు. ఆ ప్రార్థనకు జవాబుగా పోవలసినవారము మనమే అయియుండవచ్చునని చెప్పుచున్నాము.

కుష్ఠు కథ ముగిసినదని ఎవరును తలంపరాదు. 1940 దశకములో మొదటి మంచి మందు మన దేశమునకు వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసినప్పటి నుండి లక్షలమంది బాగుపడిరి. 2005 ముగియునప్పటికి మన దేశములో ఈ వ్యాధి పదివేలమందిలో ఒకరికంటె తక్కువకు తగ్గినది. అయినను దేశములో ఏటా కొత్తగా ఈ వ్యాధి కనబడువారి సంఖ్య ఈనాటికిని లక్షకు అటూ ఇటూగా ఉన్నది. లోకములోని కొత్త రోగులలో సగముకంటె ఎక్కువ మంది మనవారే. కనుక ఇంటివారు ఈ కొద్ది సంగతులు గుర్తుంచుకొనుట మంచిది. స్పర్శ లేని పాలిన లేక ఎర్రని మచ్చ, చేతిలోను పాదములోను తిమ్మిరి, చెప్పు జారిపోయినను తెలియకపోవుట, చిటికెన వ్రేలు వంగిపోవుట కనబడినయెడల వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. మందు ఉచితము. వ్యాధి రకమును బట్టి ఆరు నెలలు, లేదా పన్నెండు నెలలు మానక తినవలెను. మందు మొదలుపెట్టిన కొద్ది కాలములోనే ఇతరులకు సోకు భయము పోవును. కనుక రోగిని ఇల్లు విడిచి పొమ్మనుటకు కారణమే లేదు. ఆలస్యము చేసినచో వ్యాధి కుదిరినను, చచ్చిన నరము తిరిగి రాదు.

మరి ఓర్పు ఎక్కడ? ఆ పన్నెండు నెలలు మందు మానకపోవుటలో ఉన్నది. స్పర్శ లేని పాదమును ప్రతి సాయంకాలము కడిగి, తుడిచి, గాయమేమైన ఉన్నదేమోనని కంటితో వెదకుటలో ఉన్నది. ఇరుగుపొరుగు చూపులను భరించుచు మగ్గము దగ్గరకు మరల పోయి కూర్చుండుటలో ఉన్నది. అతని ప్రక్క మగ్గమువాడు లేచిపోక కూర్చుండుటలో సహితము ఉన్నది. నమ్మకమైన ఓర్పు ఇట్టి చిన్న పనులతో అల్లబడును. ఒక పోగు తెగినను నేత చెడును.

ఈ నెలలో మన చదువరులు ఒక పని చేయగోరుచున్నాము. కష్టములో ఉన్న ఇంటికి పరామర్శకు పోయినప్పుడు "ఓర్చుకొనుము" అను మాటను కొంతసేపు నాలుక మీదనే ఆపి, మొదట "నొప్పి ఎక్కడ?" అని అడుగుడి. జవాబు పూర్తిగా వినుడి. తొలగింపదగినదైన తొలగించుటకు లేచి నిలువుడి. వైద్యుని యొద్దకు తోడుపోవలసినచో పొండు. తొలగనిదైన వారి ప్రక్కన కూర్చుండుడి. అటు పిమ్మట ప్రార్థన చేయుడి. అప్పుడు ఆ ఇంటివారికి ఓర్చుకొనుమని మీరు చెప్పనక్కరలేదు. మీరు వారి ప్రక్కన ఉన్నంతసేపు వారే ఓర్చుకొనగలరు.